టమాటాకి తడి ఎప్పుడివ్వాలి: తేమ సెన్సార్ మేలా, కాటా మేలా?

గ్రీన్‌హౌస్ టమాటాకి నీళ్లు ఎప్పుడు పెట్టాలో తెలియాలంటే ఏ సెన్సార్ కొనమంటారు అని ఈ మధ్య చాలామంది అదే అడుగుతున్నారు, ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే ఈ పంటలో నేను తేమ సెన్సార్, బ్యాగుని తూచే కాటా రెండూ పక్కపక్కన పెట్టి చూసింది రాసేస్తే నయం అనిపించింది. నావి కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) బ్యాగులు, బ్యాగుకి మూడు మొక్కలు, మొక్కకో డ్రిప్పర్. నేలలో వేసినవాళ్ల సంగతి వేరు, అది కింద చెప్తా.

ముందు తేమ సెన్సార్. గుచ్చడం తేలిక, ఫోన్‌లో గ్రాఫ్ వస్తుంది, రాత్రంతా బ్యాగు ఎంత ఆరిందో పొద్దున లేవగానే కనపడుతుంది, ఇది నిజంగా పనికొచ్చేదే. కానీ అది చూసేది దాని పుల్లల చుట్టూ ఉన్న గుప్పెడు పీచుని మాత్రమే. ఒకరోజు మధ్యాహ్నం నా సెన్సార్ 62 శాతం చూపిస్తోంది, అదే బ్యాగులో అవతలి చివర మొక్క తల వేలాడేసింది. ప్లాస్టిక్ కోసి చూస్తే అక్కడ డ్రిప్పర్ మూసుకుపోయి ఉంది, పీచు చేత్తో నలిపితే పొడిపొడిగా రాలింది, సెన్సారేమో బాగా పారుతున్న డ్రిప్పర్ కిందే ఉంది. ఇంకోటి, బ్యాగులో ఈసీ (నీళ్లలో కరిగిన ఉప్పుల కొలత) పెరిగితే మామూలు కెపాసిటెన్స్ సెన్సార్ (విద్యుత్తుతో తేమ పసిగట్టే రకం) రీడింగ్ కూడా పైకి పోతుంది, అంటే ఉప్పు పేరుకుంటుంటే నీళ్లు బాగానే ఉన్నాయని చెప్తుంది. టమాటాకి మనం ఈసీ ఎక్కువే పెడతాం కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

బ్యాగులో నీళ్లు ఎన్ని ఉన్నాయో తెలిస్తే చాలదు, మొక్క గంటకి ఎంత తాగుతోందో తెలియాలి, నా వరకు తేల్చేది ఇదే. అది నేరుగా చెప్పేది కాటా. బ్యాగు చుట్టూ ప్లాస్టిక్ ఉంది కాబట్టి తగ్గిన బరువు దాదాపు అంతా ఆకుల్లోంచి పోయిన నీరే, కేజీ అంటే లీటరు, ఇంక వేరే లెక్కతో పనిలేదు. ఎండ బాగా ఉన్న రోజు పదింటికి 14.2 కేజీలు, పదకొండింటికి 13.7, అంటే మూడు మొక్కలు కలిసి గంటలో అర లీటరు తాగాయి. మబ్బు పట్టిన రోజు అదే గంటలో 150 గ్రాములు కూడా తగ్గలేదు. కింది ఆకులు కోసేసిన మర్నాడు ఎండ అలాగే ఉన్నా తాగుడు తగ్గింది, అది కాటాలో అదే రోజు కనపడింది, టైమర్ మీద వదిలేసి ఉంటే పాత లెక్కనే పోస్తూ ఉండేది, వేర్లకి గాలి ఆడేది కాదు.

కాటాకీ ఇబ్బందులున్నాయి. తీగలు తాడుకి కట్టి ఉంటాయి కాబట్టి మొక్క బరువు కొంత తాడు మోస్తుంది, తీగ దించిన రోజు రీడింగ్ ఒక్కసారిగా మారిపోతుంది, అందుకే మొత్తం బరువుని పట్టించుకోకుండా తగ్గుదల మాత్రమే చూడాలి. తడి ఇచ్చాక డ్రెయిన్ (బ్యాగులోంచి బయటికి వచ్చే మిగులు నీరు) కారడం ఆగేదాకా ఆగి లెక్క మొదలుపెట్టాలి, లేకపోతే కారిపోయింది కూడా మొక్క తాగినట్టే కనపడుతుంది.

ఎండ లెక్కతో, అంటే పడిన ఎండ శక్తిని కొలిచి దాన్ని బట్టి తడి ఇచ్చే పద్ధతి కూడా మంచిదే, లీటరు నీరు ఆవిరవడానికి దాదాపు 2.45 మెగాజౌళ్ల శక్తి కావాలి కాబట్టి దాని వెనక సూత్రం గట్టిది. కాకపోతే మొక్కకి ఎన్ని ఆకులున్నాయో దానికి తెలీదు. కాటా పక్కన ఉంటే ఎన్ని జౌళ్లకి ఎన్ని మిల్లీలీటర్లో వారం వారం సరిచేసుకోవచ్చు.

ఏది పెట్టినా డ్రెయిన్ కొలవడం మాత్రం మానొద్దు. పోసినదాంట్లో 20 నుంచి 30 శాతం బయటికి రావాలి, దాని ఈసీ కూడా చూడాలి. అయితే డ్రెయిన్ చెప్పేది జరిగిపోయిన సంగతి, సాయంత్రం చూసుకుని రేపటికి దిద్దుకోవడానికే. ఒక పూట ఎండగట్టి ఇంకో పూట ముంచేస్తే కాయలు పగులుతాయి, కాల్షియం అందక కాయ అడుగు నల్లబడుతుంది, ఆ నష్టం కొన్నాళ్లకి గానీ తెలీదు.

నేలలో వేసినవాళ్లకి కాటా కుదరదు, టెన్షియోమీటర్లు (మట్టి నీటిని ఎంత గట్టిగా పట్టి ఉంచిందో సెంటీబార్లలో చూపేవి) పెట్టుకోండి, వేర్లున్న లోతులో ఒకటి, దానికింద ఇంకోటి. ఉప్పుతో దీనికి గొడవ లేదు. పింగాణీ మొన మట్టికి గట్టిగా అంటుకోవాలి, గొట్టంలో నీళ్లు నింపుతూ ఉండాలి, 80 సెంటీబార్లు దగ్గర పడితే గాలి చొరబడి పనిచేయదు, టమాటాని అంతదాకా ఎలాగూ ఆరనివ్వం. కాండం మందం కొలిచేవి, ఆకు వేడి చూసే గన్నులు రోజువారీ తడికి అక్కర్లేదు.

కాటా ఒక్కటే పెట్టేవాళ్లు తలుపు దగ్గరో ఫ్యాన్ ఎదురుగానో పెట్టకండి, మధ్య వరసలో ఓ మోస్తరు మొక్కలున్న బ్యాగు చూసి పెట్టండి, ఆ మూడు డ్రిప్పర్లూ సమానంగా పోస్తున్నాయో లేదో వారానికోసారి సీసా పెట్టి కొలవండి.