ముఖం నరం నొప్పికి ఫిజియో ప్యాకేజీ అంటే ఒక్క రూపాయి కట్టకండి

ఒళ్లు మండిపోయి రాస్తున్నాను, అటూ ఇటూ పోతే సర్దుకుని చదవండి. ఆ క్లినిక్ పేరు రాయడం లేదు. రాస్తే లాయర్ నోటీసు పంపుతామని కౌంటర్ దగ్గరే చెప్పి పంపించారు. అయినా పేరెందుకు? మెడ పట్టుకుని టకామని తిప్పే రీల్స్ మీ ఫోన్లలో కూడా వస్తూనే ఉంటాయి. "మాత్రలు వద్దు, ఆపరేషన్ వద్దు" అని చివర్లో రెండు చేతులెత్తి దండం పెడతాడు చూడండి, ఆయనే.

నాకున్నది ట్రైజెమినల్ న్యూరాల్జియా. ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు, లేనివాళ్లకి చెప్పినా అర్థం కాదు. కుడి పై దవడ నుంచి ముక్కు పక్కకి కరెంటు షాక్ కొట్టినట్టు కొట్టి పోతుంది. కొన్ని సెకన్లే. కానీ పళ్లు తోముకుంటే వస్తుంది, ముద్ద నమిలితే వస్తుంది, ఫ్యాను గాలి తగిలినా వస్తుంది. ముక్కుపుడక తీసి డబ్బాలో పెట్టి చాలా కాలమైంది. ఈ జబ్బున్న చాలామందిలాగే నేనూ ముందు పంటి డాక్టర్ల చుట్టూ తిరిగి, రూట్ కెనాల్ చేయించుకుని, అదీ చాలక పన్ను పీకించుకుని, ఆఖరికి న్యూరాలజిస్టు దగ్గర తేలాను. ఆయన ఎమ్మారై తీయించి, ముఖం స్పర్శని మోసే ఐదో నరం మెదడు నుంచి బయటికొచ్చే చోట ఒక రక్తనాళం దాన్ని ఒత్తుతోందని చూపించారు. కార్బమజెపైన్ రాశారు. పనిచేసింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మందు పనిచేసింది.

కాకపోతే మత్తు. నడుస్తుంటే తూలు. నోటి చివర ఉన్న మాట ఎంతకీ రాదు. డోసు పెంచాల్సి వచ్చినప్పుడు డాక్టరు గారు ఎంవీడీ ఆపరేషన్ సంగతి ఎత్తారు. చెవి వెనక ఎముకలో చిన్న కంత పెట్టి లోపలికెళ్లి, నరానికీ రక్తనాళానికీ మధ్య టెఫ్లాన్ ముక్క అడ్డుపెడతారట. ఇప్పుడే అక్కర్లేదు, మందు సరిపోకపోతే చూద్దాం అనే అన్నారు. కానీ తల తెరవడం అనే మాట వినగానే మా వారికి ఆ పూట అన్నం సయించలేదు. సరిగ్గా ఆ రాత్రే ఫోన్లో దండం పెట్టేశాడు మహానుభావుడు.

వెళ్లాను. కన్సల్టేషన్ 500. మొదట ఒక అమ్మాయి కూర్చోబెట్టి మాట్లాడుతుంది, కౌన్సెలర్ అట. నా మందుల చీటీ చూసి కళ్లు పెద్దవి చేసి, "ఇది మూర్ఛ మాత్ర కదా మేడమ్! మీకు మూర్ఛ ఉందా?" అంది. మెడికల్ షాపు కుర్రాడు కూడా ఒకసారి ఇదే అడిగాడు. పదిమందిలో అలా అడిగితే ఎలా ఉంటుందో మీకూ తెలుసు. ఇక్కడే ఒక ముక్క చెప్పాలి. కార్బమజెపైన్‌ని మూర్ఛకి వాడతారు, నిజమే. ఈ ముఖం నొప్పికి కూడా ప్రపంచమంతా మొదట ఇచ్చేది అదే, తర్వాత దాని చెల్లెలు ఆక్స్‌కార్బజెపైన్. ఇందులో దాచాల్సిందేమీ లేదు, కంగారు పడాల్సిందీ లేదు. కానీ ఆ అమ్మాయి మొహం చూస్తే నన్ను ఎవరో ఏళ్ల తరబడి మోసం చేస్తున్నట్టు అనిపించింది. వాళ్లకి కావాల్సిందీ అదే.

తర్వాత ఆయన వచ్చాడు. ఎమ్మారై ఫిల్ము కవర్లోంచి బయటికి కూడా తీయలేదు. "ఫిల్ములు చూసి వైద్యం చేసేవాళ్లు వేరే ఉన్నారమ్మా, నేను మనిషిని చూసి చేస్తాను." ఎంత బాగా చెప్పాడో! చెంప మీద వేలు పెట్టబోతే వెనక్కి జరిగాను. "చూశారా, నరం బిగుసుకుపోయింది. ఈ మాత్రలు నరాన్ని మొద్దుబారుస్తాయి. అవి మింగుతూ వస్తే నా మెషీన్ ఏం చేస్తుంది? ఇవాళ్టి నుంచి ఆపేయండి."

36,000 ప్యాకేజీ. అప్పటికప్పుడు కడితే 30,000. చేతిలో అంత లేదంటే ఈఎంఐ ఉందన్నారు. ఆ కౌన్సెలర్ అమ్మాయే నా ఫోన్ తీసుకుని, ఏదో యాప్ దించి, ఆధార్ ఓటీపీ అడిగి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని లోన్ చేసేసింది. ఉద్యోగమంతా బ్యాంకు కౌంటర్లో కూర్చుని, వచ్చిన ప్రతివాళ్లకీ "చదివి సంతకం పెట్టండి" అని నీతులు చెప్పినదాన్ని నేను. నాకే చెవిలో పువ్వు పెట్టారు.

ఇక అసలు సంగతి. మొదటి సెషన్లలో మెడకీ భుజానికీ వేడి ప్యాకు పెట్టి, మసాజు చేసి పంపారు. ఒట్టి మెడనొప్పి అయ్యుంటే హాయిగానే ఉండేది. మాత్ర ఆపేశాక నొప్పి మళ్లీ తలెత్తుతోందని చెబితే, "మందు ఒంట్లోంచి దిగిపోతోంది, మంచిదే" అన్నారు. ఆ రోజు ముఖానికి మెషీన్ అన్నారు.

కర్టెన్ అడ్డం కట్టిన గది. మంచం సరిగ్గా ఏసీ కింద. గాలి తగిలితే నొప్పి వస్తుంది, ఏసీ ఆపమన్నాను. "సెంట్రల్ ఏసీ ఆంటీ, ఆపలేం" అంది లోపలున్న పిల్ల. పాతికేళ్లు కూడా ఉండవు, మెళ్లో కార్డు తిరగబడి ఉంది. కొంగు చెంపకి అడ్డం పెట్టుకున్నాను. తీయమంది. జెల్లు రాసింది, చల్లగా. అప్పుడే ఒకటి కొట్టింది. పళ్లు బిగబట్టుకున్నాను. తర్వాత పెన్ను లాంటి దాన్ని తీసి నుదుటి మీద, చెంప మీద చుక్కలు పెట్టినట్టు ఆనిస్తూ, "కన్ను గట్టిగా మూయండి ఆంటీ. ఇప్పుడు బుగ్గలు పూరించండి. ఇప్పుడు ఈల వేయండి" అంది.

ఈల! నా మూతి శుభ్రంగా ఉంది, కన్ను శుభ్రంగా మూతపడుతుంది. ఎందుకమ్మా ఇవన్నీ అని అడిగేలోపు ఆ పెన్ను ముక్కు పక్కకి వచ్చింది.

అరిచానో లేదో నాకు తెలీదు. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఆపేశాను. పాపం దానికీ చెమటలు పట్టాయి, మెషీన్ ఆపేసింది. అరుపు విని ఆయన కర్టెన్ తీసుకుని వచ్చాడు. నాకు నీళ్లు కారిపోతున్నాయి, కంట్లోంచీ నోట్లోంచీ. నోరు మూయడానికి భయం, తెరవడానికి భయం. ఏమైందని నన్ను అడగలేదు. "ఎందుకాపావ్?" అని ఆ పిల్లని అడిగాడు. తనే పెన్ను తీసుకుని, నాబ్ తిప్పి పెంచుతూ, "ఇదే మనకి కావాల్సింది, నరం రెస్పాండ్ అవుతోంది" అన్నాడు. వద్దని చెయ్యి ఊపుతున్నాను. నవ్వుతూ అంటాడూ, "పురుటినొప్పులు పడ్డవాళ్లు కదమ్మా, ఈ మాత్రం ఓర్చుకోలేరా?"

ఆ మాట దగ్గర ఇంకా ఆగిపోయి ఉన్నాను. ఇద్దర్ని కన్నాను. రెండోవాడు పుట్టినప్పుడు ఒక పగలూ ఒక రాత్రీ నొప్పులు పడ్డాను. అప్పుడు మంత్రసానితనానికి వచ్చిన ఆయమ్మ కూడా "ఓర్చుకో తల్లీ" అనే అంది. అంటూ నా నడుం పట్టుకుని కూర్చుంది. ఈయన నవ్వుతూ నాబ్ తిప్పాడు. వాళ్లమ్మతో కూడా ఇలాగే అంటాడా? ఇంకోసారి కొట్టింది. మంచం మీంచి లేచి, చెప్పులు ఒక కాలికే వేసుకుని బయటికొచ్చేశాను. అక్కడ కూర్చున్నవాళ్లందరూ నన్నే చూశారు. ఎవరూ లేచి వెళ్లిపోలేదు మాత్రం.

ఆ రాత్రి నీళ్లు కూడా స్ట్రాతో తాగాను. పొద్దున్నే మా వాడు న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్తే, మందు ఉన్నట్టుండి ఆపానని తెలిసి ఆయన పెన్ను టేబుల్ మీద పడేశారు. తగ్గించాలన్నా మెల్లమెల్లగా, చూసుకుంటూ తగ్గించాల్సిన మందు అది. మళ్లీ మొదలుపెట్టి, ఆ మందు వల్ల ఒంట్లో సోడియం పడిపోయిందేమోనని రక్తపరీక్ష రాశారు. "ఒత్తేది పుర్రె లోపలున్న రక్తనాళం. చెంప మీద ఎంత పిసికినా అది పక్కకి జరుగుతుందా అమ్మా?" అన్నారు.

నిజానికి ఆ ఆసుపత్రిలోనూ ఫిజియో విభాగం ఉంది. నొప్పికి భయపడి ఎప్పుడూ తల ఒకే పక్కకి వంచుకుని ఉండి ఉండి నా మెడ పట్టేసిందని అక్కడికి పంపారు. ఆవిడ ముందు నా చీటీలన్నీ చదివి, "మెడ వరకే చేస్తానండీ, చెంప మీద చెయ్యి వేయను" అంది. ఎక్కడ ముట్టుకుంటే నొప్పి మొదలవుతుందో అడిగి కాగితం మీద బొమ్మ గీసుకుంది. దవడ కీలు నొప్పికి, మెడ బిగుసుకుపోవడానికి, మూతి వంకరపోయినవాళ్లకి ఫిజియో చాలా పనికొస్తుంది. ఫిజియోలందరూ దొంగలని నేననను. ఈ నొప్పికి మందు మానిపించి మెషీన్ పెట్టేవాడు మాత్రం దొంగే.

తర్వాత మా వాడితో కలిసి డబ్బులడగడానికి వెళ్లాను. ఫైలు చూపించమంటే చాలాసేపు నీళ్లు నమిలి ఇచ్చారు. జబ్బు పేరు దగ్గర ఏం రాసి ఉందో తెలుసా? ఫేషియల్ పాల్సీ, లెఫ్ట్. నాకు పక్షవాతం లేదు. నొప్పి ఎడమ పక్క కాదు. ఒక్క గీతలో రెండూ తప్పే! అందుకన్నమాట ఈలలు వేయించింది. ఇదేంటని నిలదీస్తే, అంత పెద్ద మనిషి, రీల్స్‌లో నరాల మీద పాఠాలు చెప్పే మనిషి అన్న మాట, "రెండూ ముఖం నరాలే కదా."

రెండూ ముఖం నరాలేనట. ముఖం కండరాల్ని కదిలించేది ఏడో నరం. అది దెబ్బతింటే మూతి వంకరపోతుంది, కన్ను మూతపడదు. స్పర్శా నొప్పీ మోసేది ఐదో నరం. నాది అది. నాలాంటి దానికే తెలిసిన ఈ సంగతి, నాబ్ తిప్పేవాడికి తెలియకపోతే ఎలా?

డబ్బు ఇవ్వనన్నారు. బిల్లు వెనక చిన్న అక్షరాల్లో నో రిఫండ్ అని ఉందట. మిగిలిన సెషన్లు వృథా కాకుండా ఇంట్లో ఎవరికైనా వాడుకోవచ్చట. మా వారి మోకాలికి చేస్తారట! ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఒకడు. అలా ఉంది. మా వాడు గొంతు పెంచితే లాయర్ నోటీసు మాట అప్పుడొచ్చింది. గూగుల్‌లో రివ్యూ పెట్టాను. "పేషెంట్ చికిత్సకి సహకరించలేదు" అని దాని కింద జవాబు. సహకరించలేదట, ఈల సరిగ్గా వేయలేదేమో.

చదివేవాళ్లు ఎవరైనా ఇలాంటి నొప్పితో ఉంటే, ముందు ఎమ్మారై, న్యూరాలజిస్టు. రాసిన మందు ఇంకెవరో చెబితే ఆపకండి, మత్తుగా ఉంటే రాసిన డాక్టరుకే చెప్పండి. ఆపరేషన్ భయమైతే ఇంకో న్యూరోసర్జన్ని అడగండి, సూదితో చేసే పద్ధతులూ, కోత లేకుండా రేడియేషన్‌తో చేసే గామా నైఫూ కూడా ఉన్నాయట, ఎవరికి ఏది సరిపోతుందో వాళ్లు చెబుతారు. సెషన్ సెషన్‌కి డబ్బు కట్టనిచ్చే చోటికే వెళ్లండి. ఫోన్ ఎవరి చేతికీ ఇవ్వకండి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. లోపమున్న సేవ చేసి డబ్బు వెనక్కివ్వకపోవడం 2019 వినియోగదారుల చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతే. జిల్లా వినియోగదారుల కమిషన్లో 5 లక్షల లోపు కేసుకి ఫీజు కూడా లేదు. ఫైలు ఫొటోలు మా వాడు అక్కడే తీసేసుకున్నాడు, ఆ లెఫ్ట్ అన్న ముక్కతో సహా.

ఇప్పుడు నా గొడవల్లా ఈఎంఐ. ఐదో తారీఖున ఖాతాలోంచి కట్ అవుతుంది. యాప్ వాళ్లని అడిగితే క్లినిక్కుని అడగమంటారు, క్లినిక్కుని అడిగితే యాప్ వాళ్లతో మాట్లాడుకోమంటారు. బ్యాంకులో ఆటో డెబిట్ ఆపిస్తే సిబిల్ స్కోరు పడిపోతుందని ఒకరు, ఏం కాదని ఇంకొకరు. ఇలా క్లినిక్ లోన్ రద్దు చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, ముందు ఎవరికి రాశారో, ఏం కాగితాలు జతచేశారో కాస్త కింద రాయండి.