ఎత్తైన గుర్రం ఎక్కడానికి: మెట్ల దిమ్మా, రికాబు దించడమా?

16 హ్యాండ్ల (ఒక్కోటి 4 అంగుళాలు) గుర్రమంటే మూపు దగ్గరే 64 అంగుళాలు. నేల మీంచి ఎక్కితే బరువంతా ఎడమ రికాబు (జీనుకు వేలాడే, పాదం పెట్టే కడియం) మీదే పడి, జీను పక్కకు జారి మూపును నొక్కుతుంది. పాపం, ఆ నొప్పి గుర్రానిదే. అందుకే వీలున్నచోట మెట్ల దిమ్మే మేలు. రెండు మూడు మెట్లుండాలి, ఊగకూడదు. గుర్రాన్ని దాని పక్కనే, సమాంతరంగా నిలపండి. ఎడం ఎక్కువైతే మధ్యలో పడతారు. జీనును పట్టి ఉంచే పొట్టపట్టీ బిగువు ముందే చూసుకోండి.

దిమ్మ దొరకని దారిలో ఎడమ రికాబు తోలుపట్టీని నాలుగైదు రంధ్రాలు దించితే కాలు అందుతుంది. కానీ పాదం కిందుంటుంది గనక కుడికాలు జీను వెనకంచుకు తగులుతుంది. జూలు గుప్పిట పట్టి బాగా పైకి లేవాలి. జీను మీద లాగుడు మాత్రం తగ్గదు. ఎక్కాక, పాదం రికాబులోంచి తీయకుండానే పట్టీ కుదించండి. ఎడమ పట్టీ ఒక్కటే సాగిపోకుండా రెండింటినీ అప్పుడప్పుడు అటూఇటూ మార్చండి.