త్సోన్ అంటే గొర్రెలా, మందా, జీవాలా: ఏది మేలు?

హీబ్రూ బైబిల్లో కాపరుల ఊసు వస్తే తరచూ తగిలే పదం ‘త్సోన్’. హేబెలు కాసింది త్సోన్‌నే. యోబుకు 7,000 ఉన్నదీ అదే. మరి తెలుగులో దీన్ని ఏమనాలి?

‘గొర్రెలు’ అనేస్తే పని సులువు. కానీ ఆదికాండం 27లో రిబ్కా తన కొడుకు యాకోబును త్సోన్ దగ్గరికి పంపి తెమ్మన్నది రెండు మంచి మేకపిల్లల్ని! లేవీయకాండం 1:10 ఇంకా తేటగా ఉంది: త్సోన్‌లోంచి అర్పించేది గొర్రె అయినా సరే, మేక అయినా సరే. పస్కా పండుగకు కోసే పిల్లకూ ఇదే వీలు (నిర్గమ 12:5). బొమ్మల్లో మాత్రం ఎప్పుడూ గొర్రెపిల్లే.

‘మంద’ అంటే మేకలూ కలిసొస్తాయి, కాస్త నయం. అయితే మందకు హీబ్రూలో ‘ఏదెర్’ అని వేరే పదముంది. అన్న ఏశావుకు కానుకలు పంపేటప్పుడు యాకోబు ఎడం ఉంచమన్నది ఏదెర్‌కూ ఏదెర్‌కూ మధ్యనే. హారాను దగ్గర బావి పక్కన పడుకున్నవి మూడు త్సోన్ ఏదెర్‌లు (ఆది 29:2). త్సోన్‌ను మంద అంటే ఇక్కడ ‘మంద మందలు’ అని రాసుకోవాలి.

నా ఓటు ‘జీవాల’కే. గొర్రెల్నీ మేకల్నీ కలిపి మన గొల్లకురుమలు అనే మాట అదే. జీవాలు తోలుకెళ్లాడంటే ఎవరూ ఆవులనుకోరు. హీబ్రూలోనూ ఆవులూ ఎద్దులూ ‘బాకార్’, వాటి లెక్క వేరు. సంఖ్యాకాండం 31లో మిద్యాను కొల్లసొమ్ము చూడండి: త్సోన్ 6,75,000, బాకార్ 72,000, గాడిదలు 61,000. మేకలకు విడిగా పద్దు లేదు, మొదటి అంకెలోనే ఉన్నాయనుకోవాలి. త్సోన్‌లో ఒక్కదాన్ని ‘సే’ అంటారు. అది గొర్రె కావచ్చు, మేక కావచ్చు, మన ‘ఒక జీవం’ లాగే.

అన్నిచోట్లా ఇదీ నప్పదు. 1 సమూయేలు 25:2లో నాబాలు అనే ధనికుడికి 3,000 త్సోన్, 1,000 మేకలు. మేకల్ని వేరుగా చెప్పారు, పైగా అక్కడ బొచ్చు కత్తిరిస్తున్నారు. అవి గొర్రెలే. 100వ కీర్తన లాంటి పాడుకునే చోట ‘ఆయన మేపే జీవాలం’ అంటే చెవికి ఇంపుగా ఉండదు, అక్కడా గొర్రెలే ఉండనిస్తాను. యెహెజ్కేలు 34:17 సంగతి వేరు. తన త్సోన్‌తో మాట్లాడుతూ దేవుడు పొట్టేళ్లకూ మేకపోతులకూ తీర్పు తీరుస్తానంటాడు. అక్కడ ‘గొర్రెలు’ అని రాస్తే, ఆ మేకపోతులు ఎవరి మందలోంచి తప్పిపోయి వచ్చాయో పాఠకుడికి అర్థం కాదు.