పూల్ నీటి పీహెచ్: చుక్కల కిట్టా, డిజిటల్ పెన్నా?

పూల్ నీటి పీహెచ్, అంటే ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె, 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. మరి ఏ పరికరం చూపే అంకెను నమ్మాలి?

ఖర్చు: కిట్ చవక, పీహెచ్‌ని బట్టి రంగు మారే ఫినాల్ రెడ్ చుక్కల సీసా పాతబడితే మార్చాలి. పెన్ను ఖరీదెక్కువ, పైగా దాన్ని సరిచూసే బఫర్ ద్రావణాలు (పీహెచ్ ముందే తెలిసిన ద్రవాలు) కొంటూ ఉండాలి.

శ్రమ: కిట్‌కి గీత వరకు నీళ్లు, చెప్పినన్ని చుక్కలు, రంగు పోల్చడానికి పగటి వెలుగు చాలు. పెన్నుని 7, 10 బఫర్లలో తరచూ సరిచూడాలి. దాని గాజు బల్బు ఎండకూడదు. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టినా పాడవుతుంది. స్టోరేజ్ ద్రావణమే వాడాలి.

అసలు ప్రమాదం: క్లోరిన్ బాగా ఎక్కువగా, అంటే 10 పీపీఎం (లీటరుకు 10 మిల్లీగ్రాములు) దాటి ఉంటే ఫినాల్ రెడ్ ఊదారంగుకు తిరగొచ్చు. పీహెచ్ పెరిగిందనుకుని యాసిడ్ పోసేస్తారు. నన్ను బాగా భయపెట్టేది ఇదే, ఎందుకంటే ఆ నీళ్లలో దిగేది పిల్లలు. షాక్ డోసు (ఒకేసారి వేసే ఎక్కువ క్లోరిన్) వేశాక క్లోరిన్ దిగేదాకా కిట్ రంగును నమ్మకండి. పెన్నుకి ఈ చిక్కు లేదు. కానీ సరిచూడని పెన్ను కూడా 7.46 అని ధీమాగా చూపిస్తుంది, తప్పని తెలిసే దారే ఉండదు.

ఏది వాడినా నీళ్లు పైపైన ముంచొద్దు. మోచేతి లోతు నుంచి, నీరు వచ్చే జెట్‌కి దూరంగా తీయండి.

వారానికి రెండుసార్లు చూసే ఇంటి పూల్‌కి కిట్టే మేలు. రోజూ పరీక్షించే అపార్ట్‌మెంట్ పూల్‌కి, ఎరుపు ఛాయలు పోల్చుకోలేని వారికి పెన్ను కొనండి. బఫర్లు కొనే ఓపిక లేకపోతే మాత్రం వద్దు.