మల్లేశ్వరం కొట్టులో టీ పొడి కొనండి, మసాలా మాత్రం వద్దు

ఇంట్లో మసాలా టీ సరిగ్గా కుదరట్లేదనుకునే బెంగళూరు తెలుగువాళ్లు ఇది చదవండి. మల్లేశ్వరం ఎనిమిదో క్రాస్ వైపు టీ పొడి, కాఫీ పొడి విడిగా అమ్మే చిన్న కొట్టు ఒకటుంది. అక్కడ కూర్చునే పెద్దాయన తెలుగు బాగానే మాట్లాడతారు. అడగ్గానే పొట్లం కట్టి చేతిలో పెట్టరు, "పాలు ఎక్కువ పోస్తారా, నీళ్లా?" అని కనుక్కుని, పాలెక్కువంటే అస్సాం సీటీసీలో (అంటే చిన్న గింజల్లా చుట్టిన టీ పొడిలో) కాస్త నీలగిరి పొడి కలిపి తూకం వేస్తారు. రంగూ చిక్కదనమూ అస్సాం పొడివి, వాసన నీలగిరిది. అరచేతిలో పోసుకుంటే ఆవగింజల్లా గుండ్రంగా, అన్నీ ఒకే సైజులో ఉంటాయి, వేలికి దుమ్ము అంటదు. అందుకే వడగట్టాక కప్పు అడుగున మడ్డి మిగలదు. నాకు బాగా నచ్చింది ఇదే.

వాళ్లే అమ్మే టీ మసాలా మాత్రం అస్సలు బాలేదు. శొంఠి, లవంగం ఘాటు తప్ప యాలకుల జాడే లేదు, పొడి కొట్టి ఎన్నాళ్లయిందో ఏమో. యాలకుల వాసనంతా ఇట్టే ఎగిరిపోయే నూనెల్లో ఉంటుంది, దంచి నిల్వ పెడితే ఇక ఏం మిగులుతుంది? చిన్న రోలుంటే రెండు యాలకులు విడిగా, ఒక లవంగం, రెండు మిరియాలు, వేలి గోరంత దాల్చిన చెక్క అప్పటికప్పుడు దంచుకోండి, అరనిమిషం పని.

రెండు కప్పులకు ఒక కప్పు నీళ్లు, ఒక కప్పు పాలు. పచ్చి అల్లం నేరుగా పాలల్లో వేయొద్దు, అందులో జింజిబైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది పాలను విరగ్గొడుతుంది. ముందు నీళ్లలో అల్లం, లవంగం, మిరియాలు, చెక్క వేసి రెండు మూడు నిమిషాలు తెర్లనిస్తే ఆ ఎంజైమ్ పని చేయదు. తర్వాత రెండు చెంచాల టీ పొడి, అది మరిగి రంగు దిగాక పాలు, చక్కెర. రెండు పొంగులు రానిచ్చి, దించే ముందు యాలకులు వేసి మూత పెట్టండి. నందిని పాల నీలం ప్యాకెట్‌లో వెన్న 3 శాతమే, రోజూ తాగేవాళ్లకు అది చాలు. మరీ చిక్కగా కావాలంటే 6 శాతం ఉండే ఫుల్ క్రీమ్ తీసుకోండి. మారతహళ్లి వైపు బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు వాడేవాళ్లు మాత్రం ఫిల్టర్ నీళ్లతోనే పెట్టండి. ఆ ఉప్పు నీళ్లకు టీ మీద తెట్టు కట్టి, ఎంత మంచి పొడి వేసినా రుచి చచ్చిపోతుంది.

ధర సూపర్ మార్కెట్ ప్యాకెట్ల కంటే కాస్త ఎక్కువే, కానీ ఈ పొడి తక్కువ పడుతుంది కాబట్టి నాకు గిట్టుబాటుగానే ఉంది. ఒకేసారి పావుకిలోకి మించి కొనకండి, బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో పోసి పొయ్యికి దూరంగా పెట్టండి. ఆదివారం మధ్యాహ్నానికే కొట్టు కట్టేస్తారు, వెళ్తే పొద్దున్నే వెళ్లండి.