కోఆర్డినేటర్ వెళ్లిపోతే ఇంటి మనిషా, బయటి మనిషా: ఏది మేలు?

2015 నవంబర్ 21, అమెరికాలోని కొలంబస్. కళాశాల జట్ల అమెరికన్ ఫుట్‌బాల్ ఆట. వాన పడుతోంది. వరుసగా 23 ఆటలు గెలిచిన ఒహాయో స్టేట్ సొంత మైదానంలో మిషిగన్ స్టేట్‌తో ఆడుతోంది. అవతలి జట్టు అసలు క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి అందుకుని దాడిని నడిపే ఆటగాడు, గాయం వల్ల ఆ రోజు ఆడనే లేదు. ఇవతల ఎజకీల్ ఎలియట్ ఉన్నాడు. అంతకు పది నెలల ముందు జాతీయ ఫైనల్లో బంతి పట్టుకుని 246 గజాలు పరుగెత్తిన కుర్రాడు. ఆ రోజు అతని చేతికి బంతి ఇచ్చింది 12 సార్లే. వచ్చినవి 33 గజాలు. జట్టు మొత్తం కలిసి సాధించింది 132 గజాలు. ఆఖరి క్షణంలో మిషిగన్ స్టేట్ 41 గజాల దూరం నుంచి బంతిని స్తంభాల మధ్యకు తన్ని 17-14తో గెలిచింది. ఆట ముగిశాక ఎజకీల్ విలేకరుల ముందే కోచ్‌లు ఎంచిన ఎత్తులను, అంటే ఆట పథకాలను, తప్పుపట్టాడు.

నేనుండేది కొలంబస్‌లోనే. ఆ సోమవారం ఆఫీసులో అందరి నోటా ఒకటే మాట: హెర్మన్ ఉంటే ఇలా జరిగేదా? ముందు ఏడాది జట్టును జాతీయ విజేతగా నిలిపిన ఆటగాళ్లలో చాలామంది ఇంకా ఉన్నారు. హెడ్ కోచ్ అర్బన్ మయర్ కూడా ఉన్నాడు. లేనిది ఆఫెన్సివ్ కోఆర్డినేటర్, అంటే బంతి చేతిలో ఉన్నప్పుడు ఆడే దాడి జట్టును నడిపే సహాయ కోచ్, టామ్ హెర్మన్. హ్యూస్టన్ విశ్వవిద్యాలయం అతన్ని హెడ్ కోచ్‌గా తీసుకుంది. అక్కడ తొలి ఏడాదే అతని జట్టు 14 ఆటల్లో 13 గెలిచింది.

ఒక్క మనిషి వెళ్లిపోతే అంత తేడా ఎందుకొస్తుందో తెలియాలంటే ఆ పని ఏమిటో దగ్గరగా చూడాలి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి ఉన్న జట్టుకు నాలుగు ప్రయత్నాలు. వాటిలో పది గజాలు ముందుకు జరగాలి, జరిగితే మళ్లీ నాలుగు. ప్రతి ప్రయత్నానికీ ముందే గీసి పెట్టుకున్న ఎత్తు ఒకటి ఉంటుంది: పదకొండు మందిలో ఎవరు ఎటు పరుగెత్తాలి, ఎవరు ఎవరిని అడ్డుకోవాలి అన్నది అందులోనే ఉంటుంది. ఒక ప్రయత్నం ముగిశాక తర్వాతిది మొదలుపెట్టడానికి గడియారం ఇచ్చేది 40 సెకన్లు. ఆ కాస్త వ్యవధిలో అవతలివాళ్లు ఎలా నిలబడుతున్నారో కనిపెట్టి, చేతిలోని అట్ట మీద చీమల్లా పరుచుకున్న పేర్లలోంచి ఒకటి ఎంచి చెప్పడమే కోఆర్డినేటర్ పని. మొన్నమొన్నటి దాకా ఆ మాట మైదానం అంచు నుంచి చేతి సైగలతో, బొమ్మల అట్టలతో చేరేది. 2024 నుంచి పెద్ద కళాశాలల జట్లలో ఒక ఆటగాడి హెల్మెట్‌లో స్పీకర్ పెట్టనిస్తున్నారు. గడియారంలో 15 సెకన్లు మిగలగానే అది మూగబోతుంది. ఆలోపే కోచ్ చెప్పాలి, ఇరవై ఏళ్ల కుర్రాడు ఆ పేరు వినగానే బొమ్మంతా కళ్లముందు కట్టుకోవాలి.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. ఒకే ఎత్తుకు ఒక్కో కోచ్ ఒక్కో పేరు పెడతాడు. కొత్త కోఆర్డినేటర్ వస్తే క్వార్టర్‌బ్యాక్ ఆటను మళ్లీ నేర్చుకోనక్కర్లేదు గానీ భాషను మళ్లీ నేర్చుకోవాలి. ఆ భాషలో ఆలోచించడం మానేసి, వినగానే కదిలే స్థితికి రావడానికి నెలలు పడుతుంది.

పనిమంతుడైన కోఆర్డినేటర్‌ను ఎక్కువకాలం అట్టిపెట్టుకోవడం దాదాపు అసాధ్యం. దేశంలో ఉత్తమ సహాయ కోచ్‌కు 1996 నుంచి బ్రాయిల్స్ అవార్డు ఇస్తున్నారు. 2018 నుంచి 2022 వరకు వరుసగా ఐదేళ్లు అది దాడి వైపు కోచ్‌లకే దక్కింది: మైక్ లాక్స్‌లీ, జో బ్రేడీ, స్టీవ్ సార్కీసియన్, జాష్ గ్యాటిస్, గ్యారెట్ రైలీ. అవార్డు వచ్చిన కొద్ది నెలల్లోనే ఐదుగురూ ఉన్న చోటు వదిలి వెళ్లారు. కాబట్టి వెళ్లకుండా ఆపడం ఎలా అన్న చర్చతో ఒరిగేది తక్కువ. వెళ్లాక ఎవరిని కూర్చోబెట్టాలన్నదే తేల్చుకోవాలి.

దానికి ముందు తేలాల్సింది ఇంకొకటుంది. నియామకాలు డిసెంబరులో జరుగుతాయి, ఫైనల్ జనవరిలో. వేరే ఉద్యోగం ఖాయమైన మనిషిని చివరి ఆటలకు ఉండనివ్వాలా, వెంటనే సాగనంపాలా? అలబామాలో హెడ్ కోచ్ నిక్ సేబన్ రెండూ చేసి చూశాడు. 2016 డిసెంబరులో లేన్ కిఫిన్‌కు ఫ్లోరిడా అట్లాంటిక్ హెడ్ కోచ్ పదవి వచ్చింది. రెండు ఉద్యోగాలూ ఒకేసారి మోయడం కుదరడం లేదంటూ, ఫైనల్‌కు వారం ముందు అతన్ని పంపేశారు. అదే సిబ్బందిలో విశ్లేషకుడిగా ఉన్న సార్కీసియన్‌కు అట్ట చేతికిచ్చారు. క్లెమ్సన్‌తో ఆ ఫైనల్లో అలబామా ఒక్క సెకను మిగిలి ఉండగా 35-31తో ఓడిపోయింది. అదే సార్కీసియన్ 2021 జనవరిలో టెక్సస్ హెడ్ కోచ్‌గా ఖాయమయ్యాడు. ఈసారి సేబన్ అతన్ని ఫైనల్ దాకా ఉంచాడు. అలబామా ఒహాయో స్టేట్‌ను 52-24తో చిత్తుచేసింది. డెవాంటా స్మిత్ మొదటి సగంలోనే మూడు టచ్‌డౌన్లు చేశాడు.

మొదటి ఓటమిని పూర్తిగా కోఆర్డినేటర్ మార్పు మీదకు తోసేయడం న్యాయం కాదు. ఆ రాత్రి క్లెమ్సన్ 99 ఎత్తులు ఆడింది, అలబామా రక్షణ అలసిపోయింది. కానీ ఆ రక్షణకు ఊపిరి తీసుకునే సమయం ఇవ్వాల్సింది దాడి జట్టే. అది పదేపదే మూడో ప్రయత్నంలో ఆగిపోయింది. నా మాట ఇది: పొయ్యి మీద కూర ఉడుకుతుండగా వంటవాడిని మార్చకూడదు. హెర్మన్ కూడా హ్యూస్టన్ ఉద్యోగం చేతిలో ఉండగానే ఒహాయో స్టేట్‌తో ఉండిపోయాడు. జట్టులో మూడో క్వార్టర్‌బ్యాక్ అయిన కార్డేల్ జోన్స్‌తో అలబామాను, తర్వాత ఫైనల్లో ఒరెగాన్‌ను 42-20తో గెలిపించి వెళ్లాడు. 2024 సీజన్ నుంచి 12 జట్ల ప్లేఆఫ్ వచ్చింది. ఆ సీజన్ ఫైనల్ 2025 జనవరి 20న జరిగింది. నియామకానికీ ఫైనల్‌కూ మధ్య ఎడం పెరిగింది కాబట్టి ఈ తలనొప్పి ఇంకా పెరుగుతుంది.

ఇక అసలు పోలికకు వద్దాం.

ఇంటి మనిషికి పట్టం కట్టడంలో క్లెమ్సన్‌ను మించిన ఉదాహరణ లేదు. 2014 డిసెంబరులో చాడ్ మారిస్ సదరన్ మెథడిస్ట్ హెడ్ కోచ్‌గా వెళ్లాడు. హెడ్ కోచ్ డాబో స్విన్నీ తన దగ్గరే ఉన్న ఇద్దరు సహాయ కోచ్‌లకు బాధ్యత అప్పగించాడు: టోనీ ఎలియట్, జెఫ్ స్కాట్. ఇద్దరూ క్లెమ్సన్‌లో ఆడినవాళ్లే, ఇద్దరికీ అంతకు ముందు ఇంత పెద్ద బాధ్యత లేదు. ఆ నెలాఖరులోనే ఒర్లాండోలో ఓక్లహోమాతో ఆట. అసలు క్వార్టర్‌బ్యాక్ డిషాన్ వాట్సన్ గాయంతో బయట ఉన్నాడు. అయినా క్లెమ్సన్ 40-6తో గెలిచింది. తర్వాత 2016, 2018 సీజన్లలో జాతీయ టైటిళ్లు. ఇందులో నాకు ముఖ్యంగా తోచేది గెలుపుల లెక్క కాదు. పేరుకు ఇద్దరూ కోఆర్డినేటర్లే అయినా, ఎత్తు చెప్పే నోరు ఒక్కటే, అది టోనీ ఎలియట్‌ది. వాట్సన్ నేర్చుకున్న భాష మారలేదు.

కానీ ఇంటి మనిషి అనగానే పని జరుగుతుందని ఎవరూ అనుకోకూడదు. అదే స్విన్నీ, అదే పద్ధతిలో, టోనీ ఎలియట్ 2021 చివర్లో వర్జీనియాకు వెళ్లినప్పుడు క్వార్టర్‌బ్యాక్‌ల కోచ్ బ్రాండన్ స్ట్రీటర్‌కు పదవి ఇచ్చాడు. అతనూ క్లెమ్సన్ పూర్వ ఆటగాడే. జట్టు 11-3తో, అంటే 11 గెలుపులు, 3 ఓటములతో ముగించింది, తన కాన్ఫరెన్స్ (జట్ల కూటమి) టైటిల్ కూడా గెలిచింది. అయినా ఏడాది తిరగగానే అతన్ని తప్పించారు. అప్పటికే దాడి జట్టు చప్పబడి ఉంది. చప్పబడిన దాన్ని కొనసాగించే మనిషిని పెడితే చప్పదనమే కొనసాగుతుంది. ఆ తర్వాత వచ్చిన గ్యారెట్ రైలీ నికార్సయిన బయటి మనిషి, ఆ ఏటి బ్రాయిల్స్ విజేత. అతని తొలి ఏడాది క్లెమ్సన్ 9-4. అంటే పెద్ద పేరు తెచ్చిపెట్టినా మొదటి ఏడాది ఖర్చు తప్పదు. ఆ ఖర్చుకు సిద్ధపడే వాళ్లే బయటికి వెళ్లాలి.

బయటి మనిషి వైపు గట్టి వాదన మళ్లీ మా ఊరిదే. 2024 జనవరిలో ఒహాయో స్టేట్ తెచ్చుకున్న బిల్ ఒబ్రయన్ కొన్ని వారాలకే బాస్టన్ కాలేజీ హెడ్ కోచ్‌గా వెళ్లిపోయాడు. అప్పుడు ఒహాయో స్టేట్ హెడ్ కోచ్ ర్యాన్ డే, యూసీఎల్‌ఏ హెడ్ కోచ్ పదవిని వదులుకుని వచ్చిన చిప్ కెల్లీని తీసుకున్నాడు. ఒకే ఒక్క సీజన్, చివర్లో నోటర్‌డేమ్ మీద 34-23తో జాతీయ టైటిల్. బయటి మనిషే మేలనడానికి ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది. కానీ కాస్త వెనక్కి వెళ్లండి. ర్యాన్ డే న్యూ హాంప్‌షర్‌లో క్వార్టర్‌బ్యాక్‌గా ఆడిన రోజుల్లో అక్కడి ఆఫెన్సివ్ కోఆర్డినేటర్ ఈ కెల్లీయే. గురువు శిష్యుడి ఇంటికి వచ్చినట్టయింది. చిరునామా బయటిది, భాష ఇంటిది.

సేబన్ కూడా పైకి చూస్తే బయటివాళ్లనే తెచ్చినట్టుంటుంది. దగ్గరగా చూస్తే అతని పద్ధతి వేరు. సార్కీసియన్, లాక్స్‌లీ ఇద్దరూ మొదట అలబామాకు విశ్లేషకులుగా వచ్చారు. మైదానంలో ఆటగాళ్లకు నేర్పే పని లేదు. వెనక గదిలో కూర్చుని వీడియోలు చూడడం, ఇక్కడి పేర్లు, ఇక్కడి అలవాట్లు ఒంటబట్టించుకోవడమే. కుర్చీ ఖాళీ అయిన రోజున వాళ్లు కొత్తవాళ్లు కారు. జార్జియాలో హెడ్ కోచ్ కిర్బీ స్మార్ట్ అదే చేశాడు. అతని కోఆర్డినేటర్ టాడ్ మంకెన్ 2023 ఫిబ్రవరిలో ప్రొఫెషనల్ జట్టు బాల్టిమోర్ రేవెన్స్‌కు వెళ్లినప్పుడు, అంతకు ముందు ఏడాదే విశ్లేషకుడిగా వచ్చి కూర్చున్న మైక్ బోబో సిద్ధంగా ఉన్నాడు. క్వార్టర్‌బ్యాక్ కూడా మారిన ఆ సీజన్లో జార్జియా 14 ఆటల్లో ఒక్కటే ఓడింది. బయటి మనిషిని ఏడాది ముందే ఇంటి మనిషిని చేసుకోవడం: ఈ రెండు దారుల్లో ఏది మేలని ఎవరైనా అడిగితే నేను చూపించేది ఈ మూడో దారినే.

అన్నిటికన్నా చెడ్డది సగం సగం పద్ధతి. 2015లో మయర్ చేసింది అదే. ముందు వరుసలో నిలబడి అడ్డుకునే ఆటగాళ్లకు (లైన్‌కు) కోచ్‌గా ఇంట్లోనే ఉన్న ఎడ్ వారినర్‌కు పదవి ఇచ్చి, నెబ్రాస్కా నుంచి టిమ్ బెక్‌ను పక్కన చేర్చాడు. వారినర్ మైదానం అంచున నిలబడేవాడు. ప్రత్యర్థి చేతిలో బంతి ఉన్నప్పుడు తన లైన్ కుర్రాళ్లను కూర్చోబెట్టి తప్పులు దిద్దాలి, అదే సమయంలో తర్వాతి ఎత్తుల గురించి ఆలోచించాలి. స్టేడియం పైగదిలోంచి మైదానమంతా చూస్తున్నది బెక్. కళ్లు ఒకరివి, నోరు ఒకరిది. మిషిగన్ స్టేట్ చేతిలో ఓడిన వారానికి ఆన్ ఆర్బర్‌లో మిషిగన్‌తో ఆట. ఈసారి వారినర్ పైగదిలో కూర్చున్నాడు. ఎజకీల్‌కు 30 సార్లు బంతి ఇచ్చారు, 214 గజాలు వచ్చాయి. 42-13తో గెలుపు. వారంలో ఆటగాళ్లెవరూ మారలేదు. ఒక కోచ్ మెట్లెక్కి పైకి వెళ్లాడు, అంతే.

హెడ్ కోచే ఎత్తులు చెప్పుకునే పద్ధతి ఒకటుంది. లింకన్ రైలీ ఓక్లహోమాలో కోఆర్డినేటర్‌గా ఉండి 2017లో హెడ్ కోచ్ అయ్యాక కూడా ఆ పని వదల్లేదు. కోఆర్డినేటర్ పోతాడన్న భయం ఉండదు గానీ, హెడ్ కోచ్ పోయిన రోజున రెండు కుర్చీలూ ఒకేసారి ఖాళీ అవుతాయి. 2021 చివర్లో ఓక్లహోమాకు అదే అయింది.

ఈ లెక్కలన్నిటినీ ఇప్పుడు ఇంకొకటి తారుమారు చేస్తోంది. ఆటగాళ్లు కళాశాల మారడం తేలికైంది. వాషింగ్టన్ స్టేట్ కోఆర్డినేటర్ బెన్ ఆర్బకల్ 2024 డిసెంబరులో ఓక్లహోమాకు వెళితే, అతని క్వార్టర్‌బ్యాక్ జాన్ మటీర్ కూడా వెనకాలే వెళ్లాడు. భాష, ఆ భాష మాట్లాడే నోరు రెండూ కలిసి ఇల్లు మారాయి. అందుకే నా తూకం ఇలా ఉంటుంది. క్వార్టర్‌బ్యాక్ ఉంటున్నాడా, దాడి జట్టు బాగా ఆడుతోందా? అయితే ఇంటి మనిషే మేలు, అతని పేరు ఎవరికీ తెలియకపోయినా సరే. క్వార్టర్‌బ్యాక్ పోతున్నాడు, ఆటా చప్పబడింది అంటే బయటికి వెళ్లండి, పూర్తిగా వెళ్లండి, అతని భాషనే ఇంటి భాష చేసుకోండి. లూయీజియానా స్టేట్‌ను కూడా మరవకూడదు. 2019లో 15-0తో గెలిచిన ఆ జట్టు నుంచి బ్రేడీ వెళ్లిపోయినా అసలు కోఆర్డినేటర్ స్టీవ్ ఎన్స్‌మింగర్ అక్కడే ఉన్నాడు. క్వార్టర్‌బ్యాక్ జో బరో, ఇంకా చాలామంది ఆటగాళ్లు వెళ్లిపోయారు. మరుసటి ఏడాది ఫలితం 5-5.

ఇక్కడ కొలంబస్‌లో 2025 ఫిబ్రవరిలో చిప్ కెల్లీ ప్రొఫెషనల్ జట్టు లాస్ వేగాస్ రైడర్స్‌కు వెళ్లాడు. ర్యాన్ డే ఈసారి బయటికి చూడలేదు. ఒకప్పుడు ఇదే జట్టుకు ఆడి, ఏళ్లుగా రిసీవర్లకు (విసిరిన బంతిని అందుకునేవాళ్లకు) శిక్షణ ఇస్తున్న బ్రయన్ హార్ట్‌లైన్‌కు పని అప్పగించాడు. సాధారణ సీజన్ 12-0తో ముగిసింది. కాన్ఫరెన్స్ ఫైనల్లో ఇండియానా చేతిలో 13-10తో ఓడారు. ఆ డిసెంబరులోనే హార్ట్‌లైన్ కూడా హెడ్ కోచ్ పదవికి ఎంపికయ్యాడు, ఒకప్పుడు క్లెమ్సన్ నుంచి జెఫ్ స్కాట్ వెళ్లిన సౌత్ ఫ్లోరిడాకే. కొలంబస్‌లో ఆ కుర్చీకి మళ్లీ మనిషిని వెతకాల్సి వచ్చింది.