సముద్రపు గాలిలో ఇంటి వడ్రంగి గది: ఆరేళ్ల వాడకం తర్వాత

2019 జూన్‌లో మేము హైదరాబాదులోని కూకట్‌పల్లి ఫ్లాటు నుంచి విశాఖపట్నం సాగర్‌నగర్‌లోని సొంత ఇంటికి మారాము. మా గుమ్మం నుంచి సముద్రం అర కిలోమీటరు దూరం కూడా ఉండదు. అంతకు ముందు పదేళ్ల పాటు ఫ్లాటు బాల్కనీలో ఒక స్టూలు మీద చెక్క బిగించి చిన్న చిన్న పనులు చేసుకున్న నాకు, ఈ ఇంటి పక్కనున్న 10 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు గల కారు షెడ్డును వడ్రంగి గదిగా మార్చుకునే అవకాశం రావడం ఎంతో సంతోషాన్నిచ్చింది. మొదటి ఏడాది నాకు బాగున్నాయనిపించిన వస్తువుల్లో సగం ఇప్పుడు ఆ గదిలో లేవు. అప్పుడు అనవసరపు ఖర్చుగా తోచినవి కొన్ని ఇప్పుడు లేకపోతే పని సాగదు. అందుకే ఆరేళ్లు ఆగి ఈ సమీక్ష రాస్తున్నాను.

గది గురించి చెప్పాలంటే ముందు తుప్పు గురించి చెప్పాలి. హైదరాబాదులో పదేళ్లు గోడకు వేలాడదీసినా మచ్చ పడని ఉలులు, ఇక్కడికి వచ్చిన మూడో వారానికే గోధుమ రంగు చుక్కలు తేలాయి. ఇనుప చిత్రిక అడుగు భాగం మీద నా వేలిముద్రలు ఉన్నచోటల్లా ఆ ముద్రల ఆకారంలోనే తుప్పు పట్టింది. సముద్రపు గాలిలోని ఉప్పు ఇనుము మీద సన్నని పొరగా దిగుతుంది, ఆ ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుని ఇనుమును ఎప్పుడూ తడిగానే ఉంచుతుంది. రంపపు పొట్టు కూడా అదే పని చేస్తుందని నాకు ఆలస్యంగా తెలిసింది. సాయంత్రం పని ముగించి పొట్టు తుడవకుండా వదిలేసిన ఇనుప బల్ల మీద, పొట్టు పడిన మేరకు, తెల్లవారేసరికి మచ్చలు కనిపించేవి. మా ఇంటి తలుపులు చేసిన వడ్రంగి మేస్త్రీ గారు వాటిని చూసి, "ఈ ఊళ్లో నూనెగుడ్డ చేతిలో లేకుండా పనిముట్టు ముట్టకూడదు బాబూ" అన్నారు. ఆ రోజు నుంచి ఆయన మాటనే పాటిస్తున్నాను.

నూనెల్లో నేను నాలుగైదు రకాలు వాడి చూశాను. కొబ్బరినూనె కొన్నాళ్లకు జిగురుగా మారి పొట్టును అంటించుకుంటుంది. డబ్బాలో వచ్చే డబ్ల్యూడీ-40 నీటిని తొలగించడానికి, పట్టేసిన మరలను వదులు చేయడానికి చాలా మంచిదే కానీ, దాని పొర ఈ గాలిలో ఎక్కువ కాలం నిలవదు. కుట్టుమిషన్ నూనె పలచగా పూసి తుడిచేయడం అన్నిటికంటే బాగా పనికొచ్చింది. చెక్క మీద జారవలసిన ఇనుప తలాలకు మాత్రం నూనె కాకుండా తెల్ల కొవ్వొత్తి రుద్దుతున్నాను, ఎందుకంటే నూనె చెక్కకు అంటితే తర్వాత పాలిష్ సరిగా పట్టదు.

అయినా రోజూ పూయడం అన్నది కొన్ని వారాలు ఊరికి వెళ్లి వచ్చినప్పుడు సాగదు. దానికి పరిష్కారంగా 2020లో చేసుకున్న అలమరా ఈ గదిలో నేను పెట్టిన ఖర్చులన్నిటిలోకి ఎక్కువ ఫలితం ఇచ్చింది. అది ప్లైవుడ్‌తో చేసిన మామూలు అలమరా. తలుపుల అంచులకు రబ్బరు పట్టీ అతికించి, కింది అరలో పింగాణీ హోల్డరుకు 15 వాట్ల పాతకాలపు ఫిలమెంటు బల్బు ఒకటి బిగించి, వస్తువులేవీ దానికి తగలకుండా చుట్టూ జాలీ పెట్టాను. ఆ బల్బు పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటుంది. గాలిలో ఉన్న నీటి ఆవిరి అంతే ఉన్నా, వేడి నాలుగైదు డిగ్రీలు పెరిగితే సాపేక్ష ఆర్ద్రత (ఆ వేడిలో గాలి పట్టగల తేమలో నిజంగా ఉన్న శాతం) 80 శాతం నుంచి 60 దగ్గరికి దిగుతుంది. లోపల పెట్టిన చిన్న కొలమానం నాకు ఏడాది పొడవునా దాదాపు ఇదే చూపిస్తున్నది. నెలకు 11 యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. ఈ అలమరాలో పెట్టిన ఉలులు, డ్రిల్ బిట్లు, కొలబద్దలు, మూలమట్టం ఐదేళ్లుగా మచ్చ లేకుండా ఉన్నాయి. అంతకు ముందు నేను వాడిన, తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలు చిన్న పెట్టెల్లో బాగానే పనిచేశాయి, కానీ వర్షాకాలంలో వారానికోసారి వాటిని ఓవెనులో వేడిచేసి ఆరబెట్టవలసి రావడంతో పెద్ద అలమరాకు అవి సరిపోలేదు.

తేమ ఇనుమునే కాదు, కలపనూ వదలలేదు. హైదరాబాదు నుంచి వచ్చేటప్పుడు నేను దాచుకున్న టేకు పలకలు కొన్ని వెంట తెచ్చాను. వేసవిలో అక్కడ ఆరిన పలకలవి, తేమ మీటరు 8 శాతం చూపించింది. వచ్చిన నెలలోనే వాటితో మా అమ్మ కోసం ఒక చిన్న బల్ల చేశాను. 40 సెంటీమీటర్ల వెడల్పు గల పలకను నాలుగు వైపులా చట్రంలో జిగురుతో బిగించేశాను. సెప్టెంబరు నాటికి పలక ఉబ్బి చట్రం మూల అతుకులు రెండు విడిపోయాయి. విడదీసి కొలిస్తే పలక వెడల్పు సుమారు 4 మిల్లీమీటర్లు పెరిగింది, మీటరు 14 శాతం చూపించింది. కలప పొడవులో పెరగదు, అడ్డంగానే పెరుగుతుంది, దాన్ని ఏ జిగురూ ఆపలేదు. అప్పటి నుంచి వెడల్పాటి పలకలను చట్రం గాడిలో జిగురు లేకుండా వదులుగా కూర్చోబెడుతున్నాను. అడితి నుంచి తెచ్చిన కలప ఏదైనా సరే, మధ్య మధ్య పుల్లలు పెట్టి పేర్చి, కనీసం ఆరు వారాలు గదిలోనే ఉంచి, మీటరు అంకె రెండు వారాల పాటు మారకుండా ఉన్న తర్వాతే కోస్తున్నాను. అమ్మ బల్లను మళ్లీ చేసి ఇచ్చాను. ఇప్పటికీ దాని మీదే ఆమె విష్ణు సహస్రనామం పుస్తకం పెట్టుకుని చదువుకుంటుంది.

ఇక పనిబల్ల. గదిలో అన్నిటికంటే ముందు దీన్నే చేసుకున్నందుకు నాకు ఈనాటికీ తృప్తిగా ఉంది. కాళ్లకు పాత ఇళ్లు కూల్చినప్పుడు వచ్చే దూలాలు అమ్మే దుకాణం నుంచి తెచ్చిన కలప వాడాను. దశాబ్దాల పాటు ఈ ఊరి గాలిలోనే ఉన్న కలప కాబట్టి అది ఇక వంకర పోలేదు. పైభాగానికి ఐఎస్ 710 (మెరైన్ ప్లైవుడ్‌కు భారతీయ ప్రమాణం) ముద్ర ఉన్న 19 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ రెండు పొరలు అతికించాను. గట్టి చెక్కతో చేసిన బల్ల అందం దీనికి లేదు, కానీ ప్లైవుడ్‌లో పొరలు ఒకదానికొకటి అడ్డంగా ఉండడం వల్ల ఆరు వర్షాకాలాలు దాటినా తలం చదునుగానే ఉంది. ఎత్తు 86 సెంటీమీటర్లు, అంటే నేను నిటారుగా నిలబడి చేతులు వేలాడేస్తే నా మణికట్టు వరకు వస్తుంది. మొదట 95 సెంటీమీటర్లకు కట్టి, చిత్రిక పట్టిన ప్రతిసారీ భుజం నొప్పి రావడంతో కాళ్లు కోసి తగ్గించాను. బల్లకు బిగించిన 9 అంగుళాల పోత ఇనుము వైస్‌ను (చెక్కను కదలకుండా పట్టి ఉంచే బిగింపును) కొనేటప్పుడు బరువు చూసి వెనకాడాను. ఇప్పుడు అది లేని బల్లను ఊహించలేను.

కరెంటు పనికి నేను పెట్టిన ఖర్చు చూసి ఇంట్లో వారు ఆశ్చర్యపోయారు. మీటరు బోర్డు నుంచి గదికి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ లాగించి, కరెంటు మితిమీరితే పడిపోయే 20 ఆంపియర్ల ఎంసీబీ స్విచ్చి, కరెంటు లీకయితే లైను ఆపి షాకు నుంచి కాపాడే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాను. మొదట పెట్టిన ఎంసీబీ బి రకం కావడంతో రంపం స్విచ్చి నొక్కిన క్షణంలోనే పడిపోయేది. మోటారు తిరగడం మొదలయ్యేటప్పుడు మామూలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. బి రకం దాని మీద రాసిన ఆంపియర్లకు 3 నుంచి 5 రెట్ల దగ్గర వెంటనే పడిపోతే, సి రకం 5 నుంచి 10 రెట్ల వరకు ఓర్చుకుంటుంది. సి రకానికి మార్చిన తర్వాత ఆ ఇబ్బంది మళ్లీ రాలేదు. దీపాలకు వేరే లైను పెట్టించడం మరింత ముఖ్యమని నా అభిప్రాయం. పనిముట్టు లైను పడిపోయిన క్షణంలో దీపాలు కూడా ఆరిపోతే, ఇంకా తిరుగుతున్న పళ్లచక్రం ముందు మనిషి చీకట్లో నిలబడవలసి వస్తుంది. దీపాల కోసం 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబులు నాలుగు బిగించాను. వాటిలో రెండు బల్లకు ఎదురుగా ఉండడంతో చేతి నీడ గీత మీద పడదు.

యంత్రాల్లో బోష్ 600 వాట్ల, 13 మిల్లీమీటర్ల ఇంపాక్ట్ డ్రిల్లు నా దగ్గర అన్నిటికంటే ఎక్కువ పని చేసింది. ఇంట్లో పరదా కడ్డీల దగ్గర నుంచి మంచం దాకా దాని చేతి మీదుగానే నడిచాయి. ఆరేళ్లలో ఒక్కసారి కార్బన్ బ్రష్‌లు మార్చాను, అవి ఎలాగూ అరిగేవే. 7 అంగుళాల చేతి రంపపు యంత్రం కూడా సంతృప్తికరంగా ఉంది, అయితే దానితో వచ్చిన 24 పళ్ల చక్రంతో ప్లైవుడ్ కోస్తే అంచు చిట్లుతుంది. 60 పళ్ల చక్రం విడిగా కొనుక్కోవడం తప్పనిసరి.

నేను నిజంగా బాధపడిన కొనుగోలు ఒక చౌక రకం టేబుల్ రంపం. దాని కంచె, అంటే చెక్కను ఆనించి తోసే పక్క పట్టీ, చక్రానికి సమాంతరంగా నిలిచేది కాదు. ప్రతి కోతకు ముందు రెండు చివర్లా కొలిచి సరిచేసినా, బిగించగానే వెనుక చివర లోపలికి జరిగేది. అలా జరిగిన ఒక రోజు చెక్క చక్రానికీ కంచెకూ మధ్య నొక్కుకుపోయి, వెనక్కి ఎగిరి నా నడుము పక్కగా వెళ్లి గోడకు తగిలింది. చక్రం వెనుక చెక్క మూసుకుపోకుండా ఆపే ఉక్కు పలక కూడా ఆ యంత్రానికి లేదు. ఆ సాయంత్రమే దాని ప్లగ్గు తీసేశాను. నాలో ఏ లోపమూ లేదని నేను చెప్పను, కానీ కంచె నమ్మలేని యంత్రాన్ని ఎంత జాగ్రత్తగల చెయ్యీ సురక్షితం చేయలేదు. ఇప్పుడు పొడవు కోతలన్నీ చేతి రంపపు యంత్రానికి అల్యూమినియం పట్టీ ఆసరాగా బిగించి కోస్తున్నాను. వేగం తక్కువే, కోత మాత్రం నేరుగా వస్తుంది.

దుమ్ము విషయంలో మొదటి రెండేళ్లు నేను చేసిన నిర్లక్ష్యాన్ని ఎవరూ చేయకూడదని కోరుకుంటున్నాను. తలుపు తెరిచి ఉంటే సముద్రపు గాలి అంతా తీసుకుపోతుందని అనుకున్నాను. గాలి పెద్ద పొట్టునే తీసుకుపోయేది, కంటికి కనబడని సన్నని దుమ్ము గంటల తరబడి గదిలోనే తేలుతూ ఉండేది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే కలప దుమ్మును మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ఈ సంగతి చదివిన తర్వాత వ్యాక్యూమ్ యంత్రాన్ని నేరుగా రంపపు గొట్టానికి కలిపి, ఇసుక కాగితం పట్టేటప్పుడు తప్పకుండా ఎన్95 మాస్కు పెట్టుకుంటున్నాను. పాలిష్‌కు వాడే అవిసె నూనె గుడ్డల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఆరుతున్న కొద్దీ ఆ నూనె వేడి పుట్టిస్తుంది, ముద్దగా పడేసిన గుడ్డ తనంతట తానే అంటుకోగలదు. అందుకే వాటిని నీళ్ల డబ్బాలో వేసి తర్వాత బయట విడివిడిగా ఆరేస్తాను.

2021 సెప్టెంబరు చివర్లో వచ్చిన గులాబ్ తుఫాను ఈ గదికి పెద్ద పరీక్ష పెట్టింది. ఆ రాత్రి నగరమంతా కురిసిన కుండపోతకు పెరటి నీళ్లు షెడ్డులోకి 4 అంగుళాల ఎత్తున చేరాయి. కారు నిలపడానికి కట్టిన గచ్చు కాబట్టి పెరటి కంటే అది పల్లంగా ఉంది, మారేటప్పుడు ఆ సంగతి నేను గమనించలేదు. కింది అరలో ఉన్న రౌటరు (చెక్కలో గాడులు తీసే యంత్రం), ఒక పెట్టెడు స్క్రూలు, ఎండబెట్టిన కలపలో కింది వరుస పాడైపోయాయి. గోడ ప్లగ్గులన్నీ 4 అడుగుల ఎత్తులో ఉండడం వల్ల అంతకు మించిన ప్రమాదం తప్పింది. తర్వాత గుమ్మం దగ్గర 6 అంగుళాల సిమెంటు గట్టు కట్టించాను. నేల మీద ఇప్పుడు వస్తువేదీ ఆనదు, అన్నీ అడుగు ఎత్తు స్టాండ్ల మీదే ఉంటాయి. స్క్రూలు కూడా మామూలు ఇనుపవి మాని స్టెయిన్‌లెస్ స్టీలువే కొంటున్నాను.

ఇంకా తీరని సమస్య ఒకటి మిగిలింది. తూర్పు వైపున్న ఇనుప రోలింగ్ షట్టరు కింది పట్టీలు తుప్పు పట్టి తినేసినట్టయ్యాయి. రెండుసార్లు గీకి ప్రైమరు వేసి రంగు వేయించినా ఏడాదికి మించి నిలవలేదు. ఈసారి అక్టోబరు వానలు మొదలయ్యే లోపల షట్టరు తీసేసి, మూడడుగుల గోడ కట్టించి, పైన అల్యూమినియం కిటికీలు పెట్టించాలని మేస్త్రీ గారితో మాట్లాడాను. కొలతలు తీసుకుని వెళ్లారు.